హ్యామ్ రేడియోలో డిజిటల్ గొంతు

434 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకే పౌనఃపున్యానికి సరిచేసి పక్కపక్కన ఉంచిన రెండు వాకీటాకీలలో ఒకటి పాత ఎఫ్.ఎం. సెట్టు, రెండోది డిజిటల్ సెట్టు అయితే, రెండోదానిలో మాట్లాడిన మాట మొదటిదానిలో మాటగా వినిపించదు. ఎడతెగని కరకు రొదగా మాత్రమే వినిపిస్తుంది. రెండూ డిజిటల్ సెట్లే అయినా, ఒకటి డీ-స్టార్ పద్ధతిలోనూ మరొకటి డీ.ఎం.ఆర్. పద్ధతిలోనూ పనిచేసేవైతే, శక్తిలో గానీ యాంటెన్నాలో గానీ ఏ లోపమూ లేకపోయినా వాటి మధ్య సంభాషణ కుదరదు. ఎఫ్.ఎం. సెట్ల విషయంలో ఇలాంటి ఇబ్బంది లేదు. ఏ కంపెనీవైనా, ఏ దేశంలో తయారైనా, పౌనఃపున్యం కలిస్తే మాట కలుస్తుంది. డిజిటల్ సెట్టు కొన్న కొత్తవారిని మొదట కలవరపెట్టే ఈ చిక్కుకు కారణం, గాలిలో ప్రయాణించే సరుకే మారిపోవడం.

హ్యామ్ రేడియో అంటే ప్రభుత్వ లైసెన్సు పొందిన వ్యక్తులు లాభాపేక్ష లేకుండా స్వయంశిక్షణ కోసం, ప్రయోగాల కోసం, పరస్పర సంభాషణ కోసం నడుపుకునే రేడియో కేంద్రాల వ్యవస్థ. అందులో మాటను డిజిటల్‌గా పంపే పద్ధతులు ఈ శతాబ్దం ఆరంభం నుంచి వ్యాపించాయి. వాటిని వాడడం మొదలుపెట్టేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు సెట్టు మీటలకు సంబంధించినట్టు కనిపిస్తాయి గానీ, వాటి మూలం గొంతును అంకెలుగా మార్చే తీరులోనే ఉంటుంది.

గొంతుకు బదులు గొంతు వివరాలు

ఎఫ్.ఎం. పద్ధతిలో మైకు ముందు గాలి ఎలా కంపిస్తే రేడియో తరంగపు పౌనఃపున్యం అలాగే అటూఇటూ ఊగుతుంది, వినే సెట్టు ఆ ఊపును తిరిగి స్పీకరు కదలికగా మారుస్తుంది కనుక, మాట్లాడేవారి గొంతుతోపాటు వెనుక తిరిగే ఫ్యాను చప్పుడు, వీధిలోని హారన్ మోత కూడా ఉన్నవి ఉన్నట్టుగా అవతలికి చేరతాయి. డిజిటల్ పద్ధతిలో ముందుగా ఆ కంపనాన్ని సెకనుకు 8000 సార్లు కొలిచి ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా రాసుకోవాలి. టెలిఫోను ఎక్స్ఛేంజీలు దశాబ్దాలుగా అనుసరించిన లెక్క ప్రకారం ఒక్కొక్క కొలతకు 8 బిట్లు, అంటే సున్నా లేదా ఒకటి అనే అంకెలు ఎనిమిది, పడతాయి కాబట్టి సెకను మాటకు 64,000 బిట్లు అవుతాయి. డీ.ఎం.ఆర్. సెట్టు వాడే దారి వెడల్పు 12.5 కిలోహెర్ట్జ్, అందులో సెకనుకు పంపగలిగేవి 9600 బిట్లే, వాటిలోనూ రెండు సంభాషణలకు చోటు దొరకాలి. ఇంత ఇరుకులో కొలతలన్నిటినీ పంపడం అసాధ్యం కనుక, గొంతు ఎలా ఉందో వర్ణించి ఆ వర్ణనను మాత్రమే పంపుతారు.

అలా వర్ణించే వీలు మనిషి గొంతు నిర్మాణంలోనే ఉంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి స్వరతంత్రులను కంపింపజేస్తే ‘ఆ’, ‘ఈ’ వంటి నాదం గల ధ్వనులు, వాటిని కదిలించకుండా నోటిలోని ఇరుకు సందు గుండా దూసుకుపోతే ‘స’, ‘ష’ వంటి నాదం లేని ధ్వనులు పుడతాయి. నాలుక, పెదవులు, దవడ ఆ ధ్వనులకు రూపం ఇస్తాయి. ఈ అవయవాలు ఎంత చురుకైనవైనా సెకనులో యాభయ్యో వంతులో, అంటే 20 మిల్లీసెకన్లలో, వాటి స్థితి పెద్దగా మారదు. అందుచేత వోకోడర్ అనే భాగం మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో శ్రుతి ఎంత, బిగ్గరదనం ఎంత, ఏ పౌనఃపున్యాల దగ్గర శక్తి ఎక్కువగా ఉంది, వాటిలో ఎక్కడ నాదం ఉంది, ఎక్కడ ఒట్టి గాలి రొద ఉంది అన్న ప్రశ్నలకు జవాబులు మాత్రమే రాసుకుంటుంది. డీ.ఎం.ఆర్.లో ఈ జవాబులన్నీ కలిపి ముక్కకు 49 బిట్లలో ఇమిడిపోతాయి. టెలిఫోను లెక్కలో అదే ముక్కకు 1280 బిట్లు పట్టేవి.

తోలుబొమ్మలాటలో ఆటగాడి చేతి కదలికలను మాత్రమే మరో ఊరికి చేరవేసి, అక్కడ ముందే సిద్ధం చేసి ఉంచిన అదే రకం బొమ్మను ఆ ప్రకారమే ఆడిస్తే తెరపై ఆట ఎలా రక్తి కడుతుందో, డిజిటల్ గొంతు కూడా అలాగే పుడుతుంది. వినే సెట్టులో ఒక కృత్రిమ కంఠం ముందే ఉంటుంది. గాలిలో వచ్చేవి దాన్ని ఆడించే కదలికలు మాత్రమే. బొమ్మకు లేని కీలును ఏ ఆటగాడూ కదిలించలేడు కాబట్టి, ప్రెషర్ కుక్కర్ కూతనో, ఒకేసారి మాట్లాడే ఇద్దరి గొంతులనో వోకోడర్‌కు వినిపిస్తే, అది వాటినీ ఒకే మనిషి గొంతుగా వర్ణించబోయి గుడగుడలుగా మార్చేస్తుంది. డిజిటల్‌లో గొంతు యంత్రంలా వినిపిస్తోందని కొత్తవారు చేసే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం సెట్టు కాదు, మైకు దగ్గరి శబ్దాలు లేదా మైకును పెదవులకు ఆనించి అరవడం. మైకును నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని, నిశ్శబ్దమైన గదిలో మామూలు గొంతుతో మాట్లాడితే ఫిర్యాదు సగం తీరుతుంది.

గొంతును కృత్రిమంగా పలికించాలన్న ఆలోచన పాతదే. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హోమర్ డడ్లీ రూపొందించిన ‘వోడర్’ అనే మాట్లాడే యంత్రాన్ని 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం విన్నారు. శిక్షణ పొందిన ఆపరేటర్లు దాని మీటలు నొక్కుతూ, కాలి పెడల్‌తో శ్రుతి మారుస్తూ వాక్యాలు పలికించేవారు. అదే సంస్థలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త బిష్ణు అటల్, గడచిన కొలతలను బట్టి రాబోయే కొలతను అంచనా వేసే పద్ధతిని మాటకు అన్వయించి అభివృద్ధి చేయగా, ఆ దారిలో వచ్చిన కోడింగ్ విధానాలే తర్వాత సెల్‌ఫోన్ సంభాషణలకు ఆధారమయ్యాయి. ఐఐటీ మద్రాసులోనూ, తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పనిచేసిన బి. యజ్ఞనారాయణ స్వరతంత్రులు మూసుకునే క్షణాలను మాటలోంచి గుర్తించడంపై చేసిన కృషి కూడా ఈ శాస్త్రంలో భాగమే. హ్యామ్ సెట్లలో ఎక్కువగా కనిపించే వోకోడర్ మాత్రం ఏ.ఎం.బి.ఇ. అనేది, అది డిజిటల్ వాయిస్ సిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ సొత్తు.

అంచు వరకు తగ్గని స్పష్టత

49 బిట్ల వర్ణనలో ఒక్క ముఖ్యమైన బిట్టు తారుమారైనా పురుష కంఠం కీచు గొంతుగా మారిపోవచ్చు కనుక, వర్ణనకు దోషసవరణ బిట్లు మరో 23 జతచేసి మొత్తం 72గా పంపుతారు. శ్రుతి, బిగ్గరదనం వంటి కీలక వివరాలకు గట్టి రక్షణ, తప్పినా చెవికి పెద్దగా తెలియని వివరాలకు తక్కువ రక్షణ, కొన్నిటికి అసలు రక్షణే లేకపోవడం ఇందులోని పొదుపు. దారిలో కొన్ని బిట్లు చెడినా వినే సెట్టు వాటిని తానే దిద్దుకుంటుంది. చెడినవి దిద్దగలిగే హద్దు దాటితే మాత్రం దానికి ఏ కదలికా అర్థం కాదు, మాట నీటిలోంచి వచ్చినట్టు గుడగుడలాడి ఆగిపోతుంది.

ఎఫ్.ఎం.లో దూరం పెరిగేకొద్దీ హిస్సుమనే రొద క్రమంగా పెరిగి, సంకేతం బలహీనపడుతోందని చెవికి ముందే హెచ్చరిక అందుతుంది. డిజిటల్‌లో ఆ హెచ్చరిక లేదు. నిండు బలంతో వచ్చిన మాట, అంచు మీద ఉన్న మాట దాదాపు ఒకేలా స్పష్టంగా వినిపించడం వల్ల, కొత్తవారు యాంటెన్నాను రెండడుగులు జరిపిన మాత్రాన సంభాషణ ఎందుకు తెగిపోయిందో తెలియక సెట్టును అనుమానిస్తారు. డిజిటల్ పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదేనని చెప్పవచ్చు: అది బాగా వినిపిస్తుంది కానీ రేడియో గురించి ఏమీ నేర్పదు. అందుకే ఇంటి నుంచి రిపీటర్‌కు, అంటే మాటను అందుకుని తిరిగి పంపే కేంద్రానికి, దారి ఎలా ఉందో మొదట ఎఫ్.ఎం.లో విని తెలుసుకుని, ఆ తర్వాతే డిజిటల్‌కు మారడం మేలు.

[పెట్టె: నాలుగు పౌనఃపున్యాల లిపి]
బిట్లను గాలిలోకి పంపడానికి డీ.ఎం.ఆర్. సెట్టు తన తరంగాన్ని మధ్య పౌనఃపున్యానికి పైన రెండు, కింద రెండు స్థానాలకు జరుపుతుంది. ఆ నాలుగు స్థానాలు 00, 01, 10, 11 అనే జంటలకు గుర్తులు. సెకనుకు 4800 సార్లు స్థానం నిర్ణయమవుతుంది కనుక 9600 బిట్లు పోతాయి. పక్కపక్క స్థానాల మధ్య ఎడం 1296 హెర్ట్జ్ మాత్రమే. అందులో సగం దూరం తప్పితే ఒక జంట మరో జంటగా చదవబడుతుంది. 434 మెగాహెర్ట్జ్ దగ్గర పది లక్షల్లో ఒక వంతు తేడా అంటే 434 హెర్ట్జ్. చవక పరికరంలోని స్ఫటికం ఆ మాత్రం దారి తప్పినా మాట చెడడానికి కారణం ఇదే. ఎఫ్.ఎం.లో ఇంత తేడా చెవికి తెలియనైనా తెలియదు.
[పెట్టె సమాప్తం]

ఒకే దారిలో ఇద్దరు

డీ.ఎం.ఆర్. నిజానికి హ్యామ్‌ల కోసం పుట్టినది కాదు. ట్యాక్సీలు, కర్మాగారాలు, భద్రతా సిబ్బంది అవసరాల కోసం యూరోపియన్ టెలికం ప్రమాణాల సంస్థ 2005లో ప్రచురించిన ప్రమాణం. కాలాన్ని 30 మిల్లీసెకన్ల వంతులుగా పంచి, ఒక వంతు మొదటి సంభాషణకు, తర్వాతి వంతు రెండో సంభాషణకు కేటాయించడం దాని ప్రత్యేకత. సెట్టు 60 మిల్లీసెకన్ల మాటను, అంటే మూడు ముక్కల వర్ణనను, కూడగట్టుకుని తన వంతు రాగానే 27.5 మిల్లీసెకన్లలో విసిరేసి, మిగిలిన కాలం ప్రసారం ఆపి ఊరుకుంటుంది. రెండు వంతుల మధ్య వదిలే చిన్న ఖాళీ ఒకరి మాట మరొకరి వంతులోకి చొరబడకుండా కాపాడుతుంది. దీనివల్ల ఒకే రిపీటర్ ఏకకాలంలో రెండు వేర్వేరు సంభాషణలను మోయగలదు, చేతి సెట్టు సగం కాలమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. సెట్టులో ‘టైమ్ స్లాట్’ 1 లేదా 2 అని ఎంచుకోమనే చోట నిర్ణయమయ్యేది ఈ వంతే.

పద్ధతుల మధ్య గోడలు

డీ-స్టార్‌ను జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ హ్యామ్‌ల కోసమే రూపొందించింది. అందులో సెకనుకు 4800 బిట్లు పోతాయి. 3600 మాటకు, 1200 చిన్న సందేశాలకో సెట్టు ఉన్న స్థానం తెలపడానికో ఉపయోగపడతాయి. 2013లో యేసు కంపెనీ తెచ్చిన సిస్టమ్ ఫ్యూజన్ సెట్లు వచ్చినది ఎఫ్.ఎం. మాటో డిజిటల్ మాటో తామే గుర్తించి తగినట్టు మారిపోతాయి, కాబట్టి పాత సెట్లతో నిండిన ఊళ్ళో అది సర్దుబాటుకు అనువైనది. డీ.ఎం.ఆర్. సెట్లను పలు కంపెనీలు తయారుచేస్తాయి; చవక. కొత్తవారిలో ఎక్కువమంది దానివైపు మొగ్గడానికి పెద్ద కారణం ఆ చవకదనమే.

ఒకే వోకోడర్ కుటుంబానికి చెందినవైనా వీటి మధ్య మాట నేరుగా దాటకపోవడానికి కారణాలు రెండు. బిట్లను గాలిలో అమర్చే తీరు వేరు. కొన్నిచోట్ల బొమ్మలే వేరు. డీ.ఎం.ఆర్., ఫ్యూజన్ సెట్లు వాడేది ఏ.ఎం.బి.ఇ.లోని తర్వాతి తరం వోకోడర్ కనుక, మధ్యలో ఒక కంప్యూటరు వర్ణనను విప్పకుండానే ఒక అమరిక నుంచి మరో అమరికకు మార్చగలదు. డీ-స్టార్ వాడేది పాత తరం వోకోడర్. అక్కడ మాటను ఒకసారి పూర్తిగా ధ్వనిగా విప్పి, మళ్ళీ కొత్త వర్ణనగా రాయాలి, అందుకు విడిగా చిప్పు కావాలి, గొంతు నాణ్యత కూడా కొంత దెబ్బతింటుంది. ఏ పద్ధతి గొప్పదన్న వాదన హ్యామ్‌ల మధ్య ఎప్పటికీ తెగదు గానీ, కొత్తవారికి దానితో పని లేదు. సొంత ఊళ్ళోని రిపీటర్, అక్కడి మిత్రులు వాడే పద్ధతే వారికి సరైన పద్ధతి.

రిపీటర్, హాట్‌స్పాట్, టాక్‌గ్రూప్

ఎత్తైన చోట ఉండి, ఒక పౌనఃపున్యంలో విన్నదాన్ని మరో పౌనఃపున్యంలో ఎక్కువ శక్తితో తిరిగి పంపే కేంద్రమే రిపీటర్. రిపీటర్ అందని చోట హాట్‌స్పాట్ వాడతారు. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరుకు రేడియో చిప్పున్న పలకను తగిలించి ఇంటి ఇంటర్నెట్‌కు కలిపితే హాట్‌స్పాట్ సిద్ధమవుతుంది. సాధారణంగా దాని శక్తి 10 మిల్లీవాట్లు, చేతి సెట్టు మాటను ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు అందుకోవడానికి అది చాలు. బ్రిటిష్ హ్యామ్ జొనాథన్ నేలర్ రూపొందించి స్వేచ్ఛగా అందించిన ఎం.ఎం.డి.వి.ఎం. అనే సాఫ్ట్‌వేర్ ఒకే పలకపై పలు డిజిటల్ పద్ధతులను నడిపించడంతో ఈ పరికరాలు సామాన్యుల చేతికి వచ్చాయి. పైన పెట్టెలో చెప్పిన స్ఫటికం తేడా కొత్త హాట్‌స్పాట్ కొన్నవారిని తప్పకుండా పరీక్షిస్తుంది. హాట్‌స్పాట్ తెరపై చెడిన బిట్ల శాతం కనిపిస్తుంది. దిద్దుబాటు విలువను కొద్దికొద్దిగా మారుస్తూ ఆ శాతాన్ని ఒకటికి లోపు తేవడమే దానికి వైద్యం.

డీ.ఎం.ఆర్. నెట్‌వర్క్‌లో సంభాషణలు టాక్‌గ్రూప్‌లుగా విడిపోతాయి. ఒక అంకెను ఎంచుకున్న సెట్లన్నీ, అవి ఏ ఊళ్ళో ఉన్నా, ఆ అంకెతో వచ్చే మాటను వింటాయి. బ్రాండ్‌మైస్టర్ అనే నెట్‌వర్క్‌లో 91 ప్రపంచమంతటికీ, 404 భారతదేశానికీ చెందినవి. 9990కి ప్రైవేట్ కాల్ చేస్తే మాట్లాడినదే తిరిగి వినిపిస్తుంది కాబట్టి, ఇతరులను ఇబ్బంది పెట్టకుండా సొంత గొంతును పరీక్షించుకోవచ్చు. నెట్‌వర్క్ సెట్టును గుర్తుపట్టేది ఏడంకెల సంఖ్యతో. లైసెన్సుతోపాటు ఇచ్చే గుర్తింపు పేరైన కాల్ సైన్ చేతికి వచ్చాక ఆ సంఖ్యను ఉచితంగానే పొందవచ్చు. ఆ సంఖ్య తనంతట తాను పోతున్నా, నియమం ప్రకారం కాల్ సైన్ నోటితో చెప్పవలసిందే.

పౌనఃపున్యాలు, టైమ్ స్లాట్లు, టాక్‌గ్రూప్‌లు, పక్క రిపీటర్ల మాట చొరబడకుండా కాపాడే ‘కలర్ కోడ్’ అనే 0 నుంచి 15 వరకు ఉండే అంకె, ఇవన్నీ కలిసిన పట్టికను కోడ్‌ప్లగ్ అంటారు. దాన్ని కంప్యూటరులో రాసి కేబుల్ ద్వారా సెట్టులోకి ఎక్కించాలి. ఇందులో ఒక్క గడి తప్పినా సెట్టు మూగబోతుంది, ఎందుకు మూగబోయిందో చెప్పదు. వేల చానళ్ళున్న ఇతరుల కోడ్‌ప్లగ్‌ను దించుకుని తికమకపడడం కన్నా, ఒక రిపీటర్ లేదా హాట్‌స్పాట్, రెండు టాక్‌గ్రూప్‌లతో మూడు వరుసలు స్వయంగా రాసుకుంటే ఏ గడి ఎందుకుందో తెలుస్తుంది.

[పెట్టె: మొదటి మాటలు ఎందుకు తెగిపోతాయి?]
మీట నొక్కగానే చేతి సెట్టు రిపీటర్‌ను మేల్కొలిపి, దాని కాలవంతులతో తన గడియారాన్ని కలుపుకుని, అప్పుడే ప్రసారం మొదలుపెడుతుంది. ఆ వెనుక ఇంటర్నెట్‌లోని సర్వర్లు దారి తెరవాలి. నొక్కిన వెంటనే మాట్లాడితే తొలి అక్షరాలు ఈ ఏర్పాట్లలో పోతాయి, అవి సాధారణంగా కాల్ సైన్ అక్షరాలే అవుతాయి. నొక్కాక ఒక సెకను ఆగాలి. అవతలివారు ముగించాక రెండు మూడు సెకన్లు విడవడం కూడా మర్యాదే, ఆ ఖాళీలోనే కొత్తవారు తమ కాల్ సైన్ చెప్పి సంభాషణలో చేరగలుగుతారు.
[పెట్టె సమాప్తం]

లైసెన్సు ముందు, సెట్టు తర్వాత

భారతదేశంలో పన్నెండేళ్ళు నిండిన పౌరులెవరైనా కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ జరిపే పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు రెండు తరగతుల పరీక్షలకూ ఉన్నాయి. జనరల్ తరగతికి అదనంగా నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ కోడ్ రావాలి. రెస్ట్రిక్టెడ్ తరగతికి మోర్స్ అక్కరలేదు, డిజిటల్ మాటకు అవసరమైన 144–146, 434–438 మెగాహెర్ట్జ్ పట్టీలు ఆ తరగతికీ తెరిచే ఉన్నాయి. జనరల్ తరగతి కాల్ సైన్లు వీయూ2తో, రెస్ట్రిక్టెడ్‌వి వీయూ3తో మొదలవుతాయి. 1983 నుంచి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థల్లో పేరున్నది. అమెరికాలోని తెలుగువారు తొలి మెట్టుగా రాసే టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగ్గా రాస్తే చాలు, మోర్స్ లేదు. అయితే ఒక దేశపు లైసెన్సు ప్రతి దేశపు గడ్డ మీదా దానంతట అది చెల్లదు.

డిజిటల్ సెట్లలో రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. చాలా సెట్లు 400 నుంచి 480 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా ప్రసారం చేయగలవు, హ్యామ్‌లకు కేటాయించిన పట్టీ అందులో చిన్న ముక్క మాత్రమే. కోడ్‌ప్లగ్‌లో అంకె తప్పితే ఇతర సేవల దారిలోకి అడుగుపెట్టినట్టే. వ్యాపార అవసరాలకు తయారైన సెట్లు కాబట్టి వాటిలో మాటను రహస్యంగా మార్చే మీట కూడా ఉంటుంది. హ్యామ్‌లు అర్థాన్ని దాచే సంకేతాలు వాడకూడదన్నది అంతర్జాతీయ రేడియో నిబంధన కనుక ఆ మీటను ముట్టుకోరాదు. ఇంటర్నెట్‌తో అనుసంధానం విషయంలో లైసెన్సు షరతులను చదివి, స్థానిక క్లబ్బులోని అనుభవజ్ఞులను అడిగి ముందుకు వెళ్ళాలి.

ఇంటర్నెట్ లేనప్పుడు

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవుల సమాచార వ్యవస్థను తెంచినప్పుడు, అప్పటికే హ్యామ్ ప్రసారాల కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతి ప్రసాద్ నాయకత్వంలో ప్రధాన భూభాగానికి సందేశాలు అందించింది. ఆ సందేశాలు ఆకాశంలోని అయనావరణంపై పరావర్తనం చెంది వందల మైళ్ళు దాటే హ్రస్వ తరంగాలపై నడిచాయి; మధ్యలో ఏ సర్వరూ లేదు. అలాంటి రోజున ఇంటర్నెట్‌పై ఆధారపడిన హాట్‌స్పాట్ బల్ల మీది అలంకారం మాత్రమే. రెండు డిజిటల్ సెట్లు నేరుగా మాట్లాడుకోగలవు, విద్యుత్తు ఉన్న రిపీటర్ నెట్‌వర్క్ తెగినా తన పరిధిలో పనిచేస్తుంది. అందువల్ల కోడ్‌ప్లగ్‌లో నేరు సంభాషణకు ఒక చానల్, ఎఫ్.ఎం.కు ఒక చానల్ విడిగా రాసి ఉంచుకోవడం అవసరం. మామూలు రోజుల్లోనూ న్యూజెర్సీ నుంచి హైదరాబాద్‌కు హాట్‌స్పాట్ మీద చేరిన మాటలో రేడియో పాలు ఇంటి గోడలు దాటదన్న విమర్శ న్యాయమైనదే. అయినా భాష తెలిసిన తోడు దొరికి, సెట్టు మూలన పడకుండా ఉండడానికి అదే కారణమవుతుందన్నదీ కాదనలేనిది.

బొమ్మను విప్పి చూడగలిగితే

ఏ.ఎం.బి.ఇ. లోపల ఏముందో మార్చి చూసే స్వేచ్ఛ వాడకందార్లకు లేకపోవడం, ప్రయోగాల కోసం పుట్టిన హ్యామ్ రేడియోకు ఇముడని విషయం. ఆస్ట్రేలియా హ్యామ్ డేవిడ్ రో రాసిన కోడెక్ 2 అనే వోకోడర్ మూలం అందరికీ తెరిచే ఉంది. పోలండ్‌లో మొదలైన ఎం17 పద్ధతి దాన్ని సెకనుకు 3200 బిట్లతో వాడుతుంది. హ్రస్వ తరంగాలపై మాటను పంపే ఫ్రీడీవీ అదే వోకోడర్‌ను 700 బిట్ల వరకు కుదించింది. 2024లో ఫ్రీడీవీ బృందం ముందుకు తెచ్చిన ‘రేడ్’ పద్ధతిలో గొంతు వివరాలను గాలిలోకి ఎలా పంపాలో, వాటి నుంచి మాటను ఎలా పలికించాలో మనిషి సూత్రాలు రాయడు, ఎన్నో గొంతులు విని యంత్రమే నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్న యంత్రం అది ఎన్నడూ వినని భాషల ధ్వనులను ఎంత నమ్మకంగా పలుకుతుందన్నది ఆయా భాషల వారు విని తేల్చవలసిన ప్రశ్న. వత్తులు, ద్విత్వాలు నిండిన తెలుగు వాక్యాలు అందుకు మంచి పరీక్ష. కోడెక్ 2ను కంప్యూటరులోకి దించుకుని, ఎనిమిది కిలోహెర్ట్జ్ వేగంతో రికార్డు చేసిన తెలుగు మాటను 3200, 1300, 700 బిట్ల వద్ద వర్ణింపజేసి తిరిగి వింటే ఏ వివరం ఎక్కడ జారిపోతుందో చెవికే తెలుస్తుంది. గాలిలోకి ఏమీ వెళ్ళదు కనుక ఆ ప్రయోగానికి లైసెన్సు గానీ సెట్టు గానీ అక్కరలేదు.